మిల్లు హమాలీ అసెంబ్లీకి నిలబడాలంటే ముందుగా ఏ లెక్క వేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు సంగతి ఇది. మీ అన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ, పన్నెండేళ్లుగా హమాలీ సంఘంలో అందరికీ తెలిసిన మనిషి. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడమని తోటివాళ్లు పట్టుబడుతున్నారు. ఇంటి స్థలం కాగితాలు కుదువ పెట్టి ఐదు లక్షలు తెద్దామని ఆయన, ససేమిరా వద్దని మీ అమ్మగారు అంటున్నారు. రోజు కూలి మీద బతికే మనిషి అసలు పోటీ చేయవచ్చా, ఎంత ఖర్చవుతుంది, డిపాజిట్ పోతే నలుగురిలో తలెత్తుకోగలడా అని మీరు అడిగారు. పాత నల్లగొండ జిల్లాలో కార్మిక సంఘాల తరఫున నిలబడినవారికి నాలుగు ఎన్నికల్లో ఎన్నికల ఏజెంటుగా ఉండి కాగితాలు, లెక్కలు చూసినవాడిని కనుక, నేను చేసిన తప్పులతో సహా చెబుతాను. కుదువ విషయంలో మాత్రం మీ అమ్మగారి మాటే నా మాట. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది.

పోటీ చేయవచ్చా అన్నదానికి జవాబు చిన్నది. 25 ఏళ్లు నిండి, తెలంగాణలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గపు ఓటరు జాబితాలో పేరుంటే చాలు. చదువు నిబంధన లేదు, ఆస్తి నిబంధన లేదు. పంచాయతీ ఎన్నికలప్పుడు ఏళ్ల తరబడి విన్న ఇద్దరు పిల్లల నిబంధనకు అసెంబ్లీతో సంబంధం లేదు. అప్పులు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. పని ప్రైవేటు మిల్లులో కనుక రాజీనామా ప్రసక్తి కూడా లేదు. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి: ముఠా మేస్త్రీగా ఆయన పేరు మీద ప్రభుత్వంతో నేరుగా ఏదైనా పని ఒప్పందం నడుస్తూ ఉంటే, ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఏ సెక్షను అడ్డు వస్తుందో రాదో ఆ ఒప్పందం కాగితాన్ని న్యాయవాదికి చూపించి ముందే తేల్చుకోవాలి. డిపాజిట్ 10,000 రూపాయలు. అభ్యర్థి ఎస్సీ లేదా ఎస్టీ అయితే జనరల్ స్థానంలో నిలబడినా 5,000 మాత్రమే. నగదుగా కట్టాలి, చెక్కు తీసుకోరు. సంఘం సభ్యులు తలా ఒక రూపాయి ఇచ్చిన నాణేల మూటతో వెళ్లి ఫొటో దిగాలన్న ఉత్సాహం ప్రతి ఎన్నికలోనూ ఎవరికో ఒకరికి కలుగుతుంది. చట్టప్రకారం రూపాయి, అంతకు పైబడిన నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చెల్లుతాయి కనుక అధికారి కాదంటే మనం వాదించడానికేమీ ఉండదు. నామినేషన్లు తీసుకునేది పగలు 11 గంటల నుంచి 3 గంటల వరకే. ఆ నాలుగు గంటలను చిల్లర లెక్కకు ఇవ్వకండి.

ఆ నాలుగు గంటల విలువ నాకు అనుభవంలో తెలిసింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు సంతకం చేస్తే సరిపోతుంది. స్వతంత్రులకు, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీల వారికి పదిమంది కావాలి, ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. మేము మొదటిసారి వేసినప్పుడు ప్రతిపాదకులుగా పదిమంది హమాలీలనే పెట్టుకున్నాము, గర్వంగానే. వాళ్లలో ఇద్దరు వేలిముద్రగాళ్లు. ముందు రోజు సాయంత్రం బస్తాల మీదే ఫారం పరచి, ఆ ఇద్దరి బొటనవేళ్లకు ముద్రలు వేయించి, నోటరీ స్టాంపు కొట్టించి తీసుకువెళ్లాము. అక్కడి అధికారి ఫారాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఈ ముద్రలు చెల్లవన్నారు. ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం సంతకం చేయలేని ప్రతిపాదకుడు నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి ఎదుట గాని, ఎన్నికల సంఘం అందుకు నియమించిన అధికారి ఎదుట గాని వేలిముద్ర వేయాలి, ఆ అధికారి దానిని ధ్రువీకరించాలి. అప్పటికి సమయం రెండు దాటింది, అదే చివరి రోజు. ఆ ఇద్దరిలో ఒకాయన లారీ లోడుతో కోదాడ దాటిపోయాడు. మార్కెట్ యార్డు దగ్గర దొరికిన ఒక టీ కొట్టు యజమానిని స్కూటరు మీద ఎక్కించుకువచ్చి కొత్త నామినేషన్ పత్రాల సెట్టు నింపి, మూడు గంటలు కొట్టకముందే లోపలికి వెళ్లగలిగాము. పదిలో ఒక్క పేరు చెల్లకపోయినా నామినేషన్ మొత్తం పోతుంది. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు వేయవచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కసారే కట్టాలి. కాబట్టి కనీసం రెండు సెట్లు, వేర్వేరు పదిమందితో, రెండు వేర్వేరు రోజుల్లో వేయండి. ప్రతి ప్రతిపాదకుడి జాబితా భాగం సంఖ్య, వరుస సంఖ్య తాజా ఓటరు జాబితా ముందు పెట్టుకొని రాయండి. ఓటరు కార్డు మీద ఉన్న పాత వివరాలను నమ్మకండి.

నామినేషన్‌తో ఇచ్చే ఆస్తులు, కేసుల వివరాల ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా ఉంచరాదు. లేనిచోట గీత గీయడం కాదు, ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఖాళీలు ఉంచిన అఫిడవిట్‌ను, నోటీసు ఇచ్చినా నింపకపోతే, తిరస్కరించవచ్చు. కూలి మనిషికి ఆస్తుల పట్టిక రాయడం తేలిక; చిక్కంతా కేసుల పట్టికలోనే ఉంటుంది. సంఘం పనిలో ఉన్నవాడి మీద రాస్తారోకోకో, కలెక్టరేట్ ధర్నాకో సంబంధించిన కేసు ఏదో ఒకటి తప్పక ఉంటుంది, అది ఏమైందో ఆయనకే గుర్తుండదు. మీ అన్న పాల్గొన్న ధర్నాలు జరిగిన ప్రతి పోలీసు స్టేషను పరిధిలోనూ ఎఫ్ఐఆర్‌లు వాకబు చేయించండి. కేసు ఉండటం అనర్హత కాదు, దాచిపెట్టడం నేరం. పెండింగ్ కేసులు ఉన్న అభ్యర్థి వాటి వివరాలను పోలింగుకు ముందు మూడుసార్లు పత్రికల్లోనూ టీవీలోనూ సొంత ఖర్చుతో ప్రకటించాలి. కార్మిక నాయకుడికి ఇది రెండింతల భారం: కూలి పెంచమని రోడ్డు మీద కూర్చున్నందుకు కేసు, ఆ కేసు ఉందని చెప్పుకోవడానికి మళ్లీ ఖర్చు.

ఖర్చు దగ్గరకు వద్దాము. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షల రూపాయలు. 2014లో అది 28 లక్షలు. ఈ పరిమితి మీ అన్నను కాపాడుతుందని అనుకోకండి. అభ్యర్థి ఖర్చుకే పరిమితి, పార్టీ చేసే సాధారణ ప్రచారానికి పరిమితి లేదు. గుర్తింపు పొందిన పార్టీలకు నలభైమంది వరకు స్టార్ ప్రచారకులు ఉంటారు, వారి ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. ఓటరు జాబితా ప్రతులు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకు ఉచితం, మనం కొనుక్కోవాలి. మాట్లాడటానికి దూరదర్శన్, ఆకాశవాణి సమయం వారికే. ఇవన్నీ చెప్పడం నిరుత్సాహపరచడానికి కాదు. డబ్బుతో డబ్బును ఎదుర్కొందామని స్థలం కుదువ పెడితే ఆ ఐదు లక్షలు రెండు రోజుల ఊరేగింపుకు, జెండా పట్టుకొని నడిచే కూలి జనానికి, వారి భోజనాలకు సరిపోతాయి. మూడో రోజు నుంచి మళ్లీ మీ మనుషులే మిగులుతారు. కరపత్రాలు, మైకు పెట్టిన రెండు ఆటోలు, డీజిలు, ఏజెంట్లకు పోలింగు రోజు టిఫిను, భోజనం, కాగితాల ఖర్చు, ఇవి సంఘం సభ్యుల చందాతో దాటగలిగినవే. చందాతో దాటలేకపోతే, ఆ సంఘం ఇంకా ఎన్నికకు సిద్ధం కాలేదని అర్థం చేసుకోవడం మంచిది.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. అది అభ్యర్థి పేరు మీద గాని, అభ్యర్థి, ఎన్నికల ఏజెంటు ఇద్దరి పేరు మీద ఉమ్మడిగా గాని ఉండాలి. వదినగారితో ఉన్న ఉమ్మడి ఖాతా పనికిరాదు, ఆమె స్వయంగా ఏజెంటు అయితే తప్ప. ఇచ్చే చందా, చేసే ఖర్చు రెండూ ఆ ఖాతా గుండానే నడవాలి, ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదు ఇవ్వరాదు. ఒక ఆటో డ్రైవరు అభిమానంతో ఉచితంగా బండి తిప్పినా, జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన ధరల పట్టిక ప్రకారం దాని అద్దె విలువ లెక్కలో చూపాలి. ఖర్చుల రిజిస్టరు ఎన్నికల అధికారులే ఇస్తారు. తెల్ల కాగితాలు రోజువారీ ఖర్చుకు, గులాబీ కాగితాలు నగదుకు, పసుపు కాగితాలు బ్యాంకుకు. ప్రచార కాలంలో మూడుసార్లు ఖర్చుల పరిశీలకుడికి చూపించాలి. వాళ్ల దగ్గర మన మీద వాళ్లే రాసుకున్న మరో రిజిస్టరు ఉంటుంది. మనం పన్నెండు కుర్చీలు వేశామంటే వాళ్ల వీడియోలో ఇరవై కనిపిస్తాయి. రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ రోజు రసీదులు ఆ రోజే రాయించండి.

ఇక అసలు సంగతి. ఈ నేలలో కూలీల మధ్య నుంచి వచ్చిన నాయకులు అసెంబ్లీకి వెళ్లిన చరిత్ర ఉంది, అది ఊరికే జరగలేదు. గీత కార్మికులను సంఘటితం చేసిన బొమ్మగాని ధర్మభిక్షం 1952, 1957, 1962 ఎన్నికల్లో సూర్యాపేట, నకిరేకల్, నల్లగొండ నుంచి వరుసగా శాసనసభకు గెలిచారు. నర్రా రాఘవరెడ్డి నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచారు. మీ మిర్యాలగూడ నుంచే జూలకంటి రంగారెడ్డి 1994, 2004, 2009లో గెలిచారు. వీరి వెనుక ఊరూరా సంఘం శాఖ, శాఖకు ఒక కార్యదర్శి, నెలనెలా సమావేశం, చందా పుస్తకం ఉండేవి; పోలింగు రోజు బూతులో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వారికి కొత్తగా పుట్టేది కాదు. ఇప్పుడు ఆ శాఖలు చాలాచోట్ల గోడ మీద చెరిగిపోయిన రాతలుగా మాత్రమే మిగిలాయి, వారి కమ్యూనిస్టు పార్టీలే డిపాజిట్ కోసం తంటాలు పడుతున్నాయి. మనిషి మంచితనంతో గెలిచారని చెప్పుకోవడం మనకు ఇష్టం. నేను చూసిన ఎన్నికల్లో మంచితనం ఓట్లుగా మారింది శాఖ ఉన్నచోటనే.

దీనికి అవతలి కొసన 1996 నాటి నల్లగొండ లోక్‌సభ ఎన్నిక ఉంది. ఫ్లోరైడు నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన పల్లెలకు కృష్ణా నీరు కావాలని అడుగుతూ, ఆ గోడు దేశం వినాలని, వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది నిలిచారు, బ్యాలెట్ పత్రం పుస్తకంలా తయారైంది. గెలిచింది మళ్లీ ధర్మభిక్షమే. అప్పటి వరకు లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు, అసెంబ్లీకి 250. అదే ఏడాది చట్టం మారి అవి 10,000, 5,000 అయ్యాయి, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకుల నిబంధన వచ్చింది. 2010లో మళ్లీ పెరిగి ఇప్పుడున్న స్థాయికి చేరాయి. నీళ్లడిగిన పేదలు వేసిన నామినేషన్ల తరువాత పేదల నామినేషనే ఖరీదైంది. మీ అన్న కట్టబోయే పదివేలు, వెతకబోయే పది సంతకాల వెనుక ఈ జిల్లా కథే కొంత ఉంది.

ఈ మధ్య కాలంలో అందరూ చెప్పే ఉదాహరణ కొల్లాపూర్. 2023లో బర్రెలక్కగా పేరుపడ్డ కర్నె శిరీష ఈల గుర్తు మీద స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. రాష్ట్రమంతటా ఆమె వీడియోలు తిరిగాయి, బయటి నుంచి మద్దతుదారులు వచ్చారు, ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగాక హైకోర్టు భద్రత కల్పించమని ఆదేశించింది. ఓట్లు 5,700 పైచిలుకు వచ్చాయి, నాలుగో స్థానం, డిపాజిట్ దక్కలేదు. ఆమె ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఫోన్లో చూసి మెచ్చుకున్నవారిలో అత్యధికులకు కొల్లాపూర్‌లో ఓటు లేదు. మీ అన్న విషయంలో ఇదే చిక్కు మరో రూపంలో ఉంది: మిల్లులో ఆయన వెంట బస్తాలు మోసేవారిలో ఇప్పుడు బీహారు నుంచి వచ్చినవారు ఎందరో మీకే తెలుసు. వాళ్లు ఆయన కోసం సమ్మె చేస్తారు, ఓటు మాత్రం వాళ్ల ఊళ్లోనే ఉంటుంది. సంఘం సభ్యత్వ పుస్తకం పట్టుకొని ఓట్లు లెక్కపెట్టకండి. ఆ పుస్తకాన్ని, ఓటరు జాబితాను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న పేర్లకు టిక్కు పెట్టండి. ఆ పని చేసిన ప్రతిసారీ మాకు మొదటి రాత్రి నిద్ర పట్టలేదు.

డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. నోటా ఓట్లు ఆ లెక్కలోకి రావు. 1,80,000 ఓట్లు పోలైతే 30,000 దాటాలన్న మాట. స్వతంత్రుడికి అది దాదాపు గెలుపుతో సమానమైన కష్టం. అందుకే డిపాజిట్‌ను పరువుకు కొలతగా పెట్టుకోవద్దని నేను చెబుతాను. మీరు పెట్టుకోవలసిన కొలత వేరే ఉంది. రెండు లక్షల పైచిలుకు ఓటర్లున్న నియోజకవర్గంలో రెండు వందల యాభైకి అటూ ఇటూగా బూతులు ఉంటాయి. వాటిలో ఎన్నింటిలో తెల్లవారుజామున ఐదున్నరకల్లా మీ అన్న పేరు మీద ఒక మనిషి వచ్చి, మాక్ పోల్ (పోలింగుకు ముందు యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగు) చూసి, సాయంత్రం ఆ బూతులో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సి మీద సంతకం చేసేదాకా లేవకుండా కూర్చుంటాడు? నా అనుభవంలో మాకు ఏజెంటు కూర్చున్న బూతుల్లో డెబ్భై, ఎనభై, ఒక్కోచోట రెండు వందలు వచ్చాయి. కూర్చోని బూతుల్లో మూడు, ఐదు, సున్న. ఏజెంటు ఉంటే ఓట్లు దొంగిలించరనే మాట కాదిది. ఆ వాడలో మన కోసం ఒక రోజు కూర్చునే మనిషి లేకపోతే, ఓటేసేవాళ్లు కూడా అంతంతమాత్రమే అని దాని అర్థం.

కాబట్టి ఇప్పటినుంచే చేయవలసిన పని ఇది. గత రెండు ఎన్నికల ఫారం 20, అంటే బూతువారీ ఫలితాల పట్టిక, ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. దానిని తీసుకొని హమాలీలు, భవన నిర్మాణ కూలీలు, మున్సిపల్ పారిశుధ్య కార్మికులు, ఉపాధి హామీ మేటీలు, ఆశాలు ఎక్కువగా ఉండే వాడల బూతులను గుర్తించండి. గిరిజన తండాల్లో సగం మంది కూలి పనులకు హైదరాబాదుకో పూణేకో వెళ్లి ఉంటారు. అచ్చంపేట, దేవరకొండ వైపు ఇది మరీ ఎక్కువ, మీ వైపు దామరచర్ల తండాల్లోనూ ఉంది. వలస వెళ్లిన ఇంటికి తాళం చూసి ఎవరో పేరు తొలగించమని ఫారం 7 వేస్తారు, పేరు పోతుంది, ఆ సంగతి వాళ్లకు పోలింగు రోజున బూతు దగ్గర తెలుస్తుంది. జాబితా సవరణ ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలతో (ఆ తేదీకి 18 ఏళ్లు నిండితే పేరు చేర్చుకోవచ్చు) నడుస్తోంది: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. ప్రతిసారీ ముసాయిదా జాబితా చూసి, పోయిన పేర్లకు మళ్లీ చేర్చమని ఫారం 6 పెట్టించే ఇద్దరు కుర్రవాళ్లను సంఘం నియమిస్తే, ఆ ఇద్దరే రేపు మీకు అందరికంటే గట్టి ప్రచారకులవుతారు. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో పేరు చేర్చరు. అప్పుడు ఎవరిని తిట్టినా లాభం లేదు. బూతు ఏజెంటుకు అదే బూతు లేదా పక్క బూతు ఓటరైతే మేలు, దొరకకపోతే అదే నియోజకవర్గం ఓటరు. బూతుకు ఒక ఏజెంటు, ఇద్దరు ప్రత్యామ్నాయ ఏజెంట్లు, ఒక్కొక్కరికి నియామక పత్రమైన ఫారం 10, ప్రతి దాని మీద అభ్యర్థి లేదా ఎన్నికల ఏజెంటు సంతకం. వంద బూతులైతే మూడు వందల సంతకాలు. కూలి పోతుందని ఎవరైనా వెనకాడితే, పోలింగు రోజు వేతనంతో కూడిన సెలవు రోజు కూలీలకూ వర్తిస్తుందని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షను చూపించండి. మిల్లు యజమానులు దీనిని మరచిపోతూ ఉంటారు, సంఘం గుర్తు చేయాలి.

గుర్తు సంగతి చాలామంది తేలికగా తీసుకుంటారు. స్వతంత్రులు ఉచిత గుర్తుల జాబితా నుంచి మూడు కోరుకోవచ్చు. ఇద్దరు కోరితే చీటీ తీస్తారు. పేరు వరుసలో స్వతంత్రులు గుర్తింపు పార్టీలు, రిజిస్టరైన పార్టీల తరువాతే వస్తారు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద నోటాతో కలిపి పదహారు మీటలే ఉంటాయి కనుక అభ్యర్థులు పెరిగితే మీ అన్న పేరు రెండో యూనిట్ మీదకో మూడో దాని మీదకో పోతుంది. 2022 నవంబరు 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నికలో 47 మంది బరిలో ఉన్నారు. రోడ్డు రోలరు గుర్తు కారును పోలి ఉందని ఒక పార్టీ అభ్యంతరం చెప్పడం, కేటాయించిన గుర్తును మార్చడం, ఎన్నికల సంఘం మళ్లీ దానినే ఇప్పించడం, ఇంత రభస జరిగింది. కాబట్టి పెద్ద పార్టీ గుర్తును పోలి ఉండేదాన్ని తెలివి అనుకొని కోరకండి. ముసలమ్మకు నోటితో చెప్పగలిగేది, కరపత్రం మీద నల్లరంగులో అచ్చయినా తెలిసేది కోరుకోండి. నమూనా బ్యాలెట్ మీద ఎన్నో యూనిట్, ఎన్నో మీట అన్నది రాసి ఇంటింటికీ చూపించడం కరపత్రం పంచడం కంటే ఎక్కువ పని చేస్తుంది.

పోలింగు రోజు ఒక పొరపాటు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. దూరపు తండా నుంచి నడవలేని ముసలివాళ్లను మన ఆటోలో బూతుకు తెద్దామని ఎవరో ఒకరు బయలుదేరుతారు. అభ్యర్థి తరఫున ఓటర్లను బండిలో తరలించడం అదే చట్టంలోని 123(5) సెక్షను కింద అవినీతి చర్య, గెలిచిన ఎన్నిక సైతం రద్దు కావచ్చు. అవతలివాళ్లు పది బస్సులు పెట్టినా పట్టుకునేవాడు ఉండడు, మన ఒక్క ఆటో మాత్రం దొరుకుతుంది. న్యాయం కాదని నాకూ అనిపిస్తుంది, అయినా ఆటోలను ముందు రోజు సాయంత్రమే ఇళ్లకు పంపేయండి.

ఇక నా తప్పు. 2014లో మేము నిలబెట్టిన అభ్యర్థి కూడా హమాలీయే, మీ నియోజకవర్గం కాదు. మే 16న ఫలితాలు వచ్చాయి, ఓడిపోయాము, డిపాజిట్ పోయింది. మర్నాడు ఉదయం ఆయన కొక్కెం భుజాన వేసుకొని యార్డుకు వెళ్లాడు; ఎవరూ నవ్వలేదు, ఒక లారీ డ్రైవరు మాత్రం ఎమ్మెల్యే గారూ అని పిలిచి టీ ఇప్పించాడు. పరువు గురించి మీరు అడిగినదానికి నా దగ్గరున్న సాక్ష్యం ఇంతే. పోయింది మరొకటి. ఫలితాలు వచ్చిన ముప్పై రోజుల్లోగా పూర్తి ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అందజేయాలి. రిజిస్టరు నా దగ్గర ఉంది, రసీదులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, షామియానా వాడి బిల్లు ఒక్కటి రావలసి ఉంది. ఓడిన ఎన్నిక లెక్క ఎవరికి కావాలిలే అని నేను వాయిదా వేశాను. నోటీసు ఆయన పాత చిరునామాకు పోయింది. లెక్క ఇవ్వనందుకు మూడేళ్ల అనర్హత ఉత్తర్వు తరువాత ఎప్పుడో వచ్చింది, 2018 డిసెంబరులో ఎన్నికలు వచ్చేసరికి ఆ మూడేళ్లు ఇంకా పూర్తి కాలేదు. అప్పటికి సంఘం బలపడింది, వందకు పైగా బూతుల్లో కూర్చోవడానికి మనుషులు ఉన్నారు, నిలబడడానికి ఆయన లేడు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వేరొకరిని నిలబెట్టాము, ఆయన తన వాడలో ఏజెంటుగా కూర్చున్నాడు.

గడువు ప్రకారమే జరిగితే ఎన్నికలు 2028 చివరలో వస్తాయి, అంటే మీకు సమయం ఉంది. ఈ ఆదివారం చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ అన్న పేరు ఓటరు జాబితాలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, పాన్ కార్డులో ఒకే అక్షరాలతో ఉందో లేదో చూడండి. తండ్రి పేరు, ఇంటి పేరు కూడా చూడండి. జాబితాలో తేడా ఉంటే దిద్దుబాటుకు ఫారం 8 ఇప్పుడే వేయించండి. తరువాత సంఘం సభ్యత్వ పుస్తకం, ఓటరు జాబితా పక్కపక్కన పెట్టుకొని కూర్చోండి, మీ అమ్మగారిని కూడా పిలవండి. ఏ ఇంటివాళ్లు ఎక్కడికి వలస వెళ్లారో ఆమెకు మీ ఇద్దరికంటే బాగా తెలిసి ఉంటుంది.